రైన్ నది కూతురికి ఆరు రెక్కలు

ఎన్నికల కోడ్ వచ్చిందని టీవీలో చెప్పిన సాయంత్రం నేను మా ఆయన్ని అడిగింది ఒక్కటే. "ఆ రాకెట్లు ఇక మూలన పెడతారా, లేదా?"

ఆయన తల కూడా ఎత్తలేదు. చేతిలో ఉప్పుకాగితం, ఒళ్ళో నిండా చెక్కపొట్టు. "రంగు ఆరలేదు నజ్మా. ఇప్పుడు కదిపితే దుమ్ము పట్టుద్ది" అన్నాడు.

దుమ్మంట! గరికపాడు చెక్‌పోస్టు దగ్గర పెళ్ళివాళ్ళ సూట్‌కేసులు కూడా విప్పించి చూస్తున్న రోజులవి. ఊరి బయట సున్నపురాయి క్వారీలో బ్లాస్టింగ్ జరిగితే మా వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. అలాంటి జగ్గయ్యపేటలో, హారూన్ అనే పేరు పెట్టుకున్న మనిషి, వీధిగదిలో కిటికీ తలుపులు బార్లా తెరుచుకుని రాకెట్లు చేస్తూ కూర్చుంటే, పెళ్ళాం నోరు మూసుకుని జాకెట్లు కుట్టుకోవాలా? నాకు అనుమానం ఎక్కువని మా అత్త షాహిదాబీ ఊరంతా చెప్తుంది. చెప్పనీండి. ఆ ఇంట్లో ఒక్కరికైనా ఉండాలి కదా.

రాకెట్లంటే పేలేవి కాదు, బొమ్మలు. రెండో ప్రపంచయుద్ధం ఆఖర్లో జర్మనీవాళ్ళు, తమ మీద బాంబులేసే విమానాల్ని కూల్చడానికని రకరకాల రాకెట్లు తయారుచేసి చూశారట. సముద్రం ఒడ్డున పరీక్షలు చేశారు గానీ, అవి పనికొచ్చే వేళకి యుద్ధమే అయిపోయిందట. వాటి డ్రాయింగులు, కొలతలు మా ఆయన ఫోన్లో వెతికి పట్టుకుంటాడు. అసలుదాంట్లో పన్నెండో వంతు సైజులో, కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి చెక్కతో చెక్కుతాడు. అతుకుల సందుల్లో చింతగింజల పిండీ రంపంపొట్టూ కలిపిన మక్కు పూసి, ఆరబెట్టి, నున్నగా రుద్దుతాడు. అదీ కొండపల్లి పద్ధతే. ఆయనకి ఆటోలకీ లారీలకీ స్టిక్కర్లు వేసే షాపుంది. అక్కడ మిగిలిన ముక్కల్లోంచి గోరంత గీతలు, అంకెలు కోసి బొమ్మలకి అంటిస్తాడు.

ఆ రాకెట్ల పేర్లు వింటే నవ్వొస్తుంది. ఒకటి జలపాతం. ఒకటి సీతాకోకచిలుక. ఒకటి కొండల్లో పూసే నీలం పువ్వు. ఆ ఎండాకాలం ఆయన చేతిలో ఉన్నది రైన్ నది కూతురు. జర్మన్ భాషలో రైన్‌టోఖ్టర్ అంటాడు, గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు.

"లండన్ మీద వేసింది ఇంకోటి ఉందటగా, పేరు మోసింది. చేస్తే అదే చెయ్యొచ్చుగా?" అని ఒకసారి అడిగాను.

"అది మనుషుల్ని చంపింది నజ్మా. ఇవి యుద్ధం దాకా పోనేలేదు. అందుకే ఇవి చేస్తున్నా."

"ఈ ముక్క పోలీసులొచ్చినప్పుడు చెప్పండి, బాగా అర్థమవుద్ది వాళ్ళకి" అన్నాను.

ఆ మాట అన్న వారంలోనే వాడొచ్చాడు.

ఆదివారం, సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక. అప్పటికి రంజాన్ మొదలై కొన్ని రోజులైంది. నేను నడవలో మిషన్ మీద ఉన్నాను. వచ్చినవాడు బండి మా గుమ్మం ముందు ఆపలేదు, పక్కింటి ముందు ఆపాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మెడ వెనక జుట్టు మిషన్ పెట్టి ఎత్తుగా కొట్టించుకున్నాడు. గుమ్మం బయట విడిచిన బూట్లు ఆదివారం పూట కూడా అద్దంలా మెరుస్తున్నాయి.

"హారూన్ గారిల్లు ఇదేనాండి? ఫేస్‌బుక్‌లో మీ బొమ్మలు చూశానండి. నా పేరు రాజ్‌కిరణ్. మాది నందిగామ. గాంధీ సెంటర్లో హోల్‌సేల్ షాపండి, టైలరింగ్ సామాను. తాతల నాటి నుంచీ అదే వ్యాపారం."

మా ఆయన మొహం చూడాలి అప్పుడు! పండగ వారం ముందే వచ్చేసినట్టు వెలిగిపోయింది. "రండి రండి" అని వాడికి తన స్టూలే ఇచ్చేశాడు. వాడు ఆ స్టూలు జరుపుకుని, గోడకి వీపు ఆనించి, వాకిలి కనపడేలా కూర్చున్నాడు. బొమ్మల కంటే ముందు అలమరా అరలన్నీ చూశాడు. నా మిషన్ దానంతట అదే ఆగిపోయింది.

"ఇందులో ఏం కూరతారన్నా?"

"ఏం కూరం. గుల్ల కూడా కాదు, నిండు చెక్క."

"అసలుదాంట్లోనో?"

"అసలుదాంట్లో మందు. చూడు, కింద ఈ భాగం ముందు కాలిపోద్ది, విడిపోయి పడిపోద్ది. అప్పుడు పైది అంటుకుంటది. దీని మంట తోక నుంచి రాదు తమ్ముడూ. ఈ ఆరు రెక్కల సందుల్లోంచి, ఆరు గొట్టాల్లోంచి వస్తది. ఆ రెక్కలు కూడా చెక్కవే! యుద్ధంలో ఇనుము దొరక్క చెక్కతో చేశారు."

"మరి మీది ఎంత దూరం పోద్దన్నా?"

"అలమరా దాకా. నేను మోసుకెళ్తే" అని మా ఆయన పగలబడి నవ్వాడు. వాడూ నవ్వాడు. చెక్కబొమ్మ ఎంత దూరం పోతుందని అడిగే మనిషి ఎవడుంటాడు?

రోజా ఉపవాసం విప్పే వేళకి మా అత్త ఖర్జూరాలు, సమోసాలు ఉన్న పళ్ళెం తెచ్చి ముందు వాడి దగ్గరే పెట్టింది. "తిను బాబూ. ఎండన పడొచ్చావు." పక్కన కూలబడి మోకాళ్ళ నొప్పుల సంగతంతా చెప్పుకుంది. ఏ మాత్ర పొద్దున, ఏ మాత్ర రాత్రి, ఏది వేసుకుంటే కడుపులో మంట, అన్నీ. వాడు వింటూనే ఉన్నాడు.

వాడు వెళ్ళాక నేనన్నాను. "అత్తమ్మా, వీడి వాలకం నాకు నచ్చలేదు."

"నీకెవరు నచ్చారే! నన్ను చూసినా అట్నే అన్నావు పెళ్ళిలో" అంది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం అదే వరస. వాడు ఖాళీగా కూర్చునే రకం కాదు, అది మాత్రం ఒప్పుకోవాలి. మక్కు కలపడం నేర్చుకున్నాడు. చెక్క నార ఎటు పోతే అటే రుద్దాలని, అడ్డం రుద్దితే గీతలు పడతాయని నేర్చుకున్నాడు. "అన్నా, ఈ అంచు సన్నబడిందా?" అని కిటికీ వెలుతురులో పట్టి చూపించేవాడు. మా ఆయన కళ్ళజోడు పైకి జరిపి, "ఇంకో రెండు సార్లు" అనేవాడు. ఆ గదిలోంచి ఇద్దరి మాటలు వినపడుతుంటే, కొత్తగా పెళ్ళైన రోజుల్లో కూడా ఈయన ఇంత మాట్లాడాడా అని నాకు ఉక్రోషం వచ్చేది.

పండగ దగ్గర పడింది. నా చేతిలో మోయలేనన్ని జాకెట్లు. సూదులు అయిపోయాయి. నిజంగానే అయిపోయాయి, పరీక్ష పెట్టాలని కాదు. "తమ్ముడూ, మీ షాపులో పద్నాలుగో నంబరు మిషన్ సూదులుంటే ఓ ప్యాకెట్ తెచ్చిపెట్టు" అన్నాను.

"అదెంత పని అక్కా" అన్నాడు.

మరుసటి ఆదివారం వాడు రావడం ఆలస్యమైంది. మగ్రిబ్ అజా వినపడింది. వీధిలో లైట్లు వెలిగాయి, ఎదురింటివాళ్ళు తులసికోట దగ్గర దీపం కూడా పెట్టారు. అప్పుడొచ్చాడు. గుమ్మంలోనే జేబులోంచి సూదుల ప్యాకెట్ తీసి, "ఇదిగో అక్కా" అని నా చేతికి అందించబోయాడు.

నేను చెయ్యి చాపలేదు. "ఆ బల్ల మీద పెట్టు" అన్నాను.

ఇరవై ఏళ్ళుగా షావుకార్ల దగ్గర సూదీ దారం కొంటున్నదాన్ని నేను. దీపాలు పెట్టాక సూది అడిగితే మా వీధి చివర షావుకారు, సొంత చెల్లెలు అడిగినా సరే, "రేపు పొద్దున రామ్మా" అంటాడు. పగటిపూటైనా చేతికివ్వడు, బల్ల మీద పెడితే మనమే తీసుకోవాలి. చేతిలోంచి చేతికి సూది మారితే తగువులొస్తాయని వాళ్ళ నమ్మకం. సూదుల కొట్లో తాతల నాటి నుంచీ పుట్టి పెరిగినవాడు ఆ పని చచ్చినా చెయ్యడు. చేసినవాడు సూదుల కొట్టు గుమ్మం తొక్కినవాడు కాదు.

లైనింగ్ గుడ్డ కావాలని చెప్పి, మర్నాడు పొద్దున్నే నందిగామ బస్సెక్కాను. గాంధీ సెంటర్లో వెంకటకృష్ణారావు గారి షాపు నాకు పాతదే, ప్రతి పండగకీ గుడ్డ అక్కడే తీస్తాను. అటూ ఇటూ నాలుగు మాటలాడి, "మీ సెంటర్లో రాజ్‌కిరణ్ అని, టైలరింగ్ సామాను హోల్‌సేల్ వాళ్ళబ్బాయి ఎవరండీ?" అన్నాను.

ఆయన గజంబద్ద పక్కన పెట్టాడు. "ఈ సెంటర్లో ఆ సామాను హోల్‌సేల్ నాదొకటి, అదుగో ఆ మూల వాళ్ళదొకటి. వాళ్ళకిద్దరూ ఆడపిల్లలే. ఎవరమ్మా ఆ అబ్బాయి? ఏమన్నా మోసం చేశాడా?"

"అబ్బే, లేదండీ. దీపాలు పెట్టాక సూదులు తెచ్చి చేతికిచ్చాడు."

"అయ్యో రామ! అయితే మావాడు కాదమ్మా" అన్నాడాయన. షాపులో బేరం చేస్తున్నవాళ్ళు నలుగురూ నా వంక తిరిగి చూశారు.

బస్సు దిగి ఇంటికి కూడా పోలేదు. తిన్నగా మా ఆయన షాపుకి వెళ్ళాను. ఆటో నడిపే ఏలీయా వచ్చి ఉంటే, అతని బండి వెనక అద్దానికి ఆయన స్టిక్కర్ పరుస్తున్నాడు. నా మొహం చూసి, "ఏలీయా, టీ తాగి రా" అని అతన్ని పంపించాడు.

"వాడు షావుకార్ల కుర్రాడు కాదండీ. నందిగామలో వాడికి షాపే లేదు. వాడు పోలీసండీ! మనింట్లో తిని మన మీదే..."

ఆయన వేలితో స్టిక్కర్ కింది గాలిబుడగ ఒకటి అంచుకి నెట్టాడు. "తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"పోలీసని. వచ్చిన రోజే తెలుసు. బండి ముందు రేకు మీద పోలీసు స్టిక్కర్ పీకేసిన జిగురు మరకుంది. ఎర్రదీ నీలందీ, ఏ సైజో కూడా చెప్పగలను. నేనేగా వేసేది అవి."

నేను అక్కడున్న బల్ల మీద కూలబడ్డాను. "తెలిసీ రానిచ్చారా? తెలిసీ నా చేత సమోసాలు వేయించారా?"

"దాచేదేముంది నజ్మా మన దగ్గర? చూస్తాడు. బొమ్మలని చెప్తాడు. అయిపోద్ది." గొంతు తగ్గించి అన్నాడు. "నా రాకెట్ల గురించి నన్ను ఇన్ని ప్రశ్నలు అడిగినోళ్ళు ఎవరున్నారు చెప్పు? అమ్మకి పట్టదు. నువ్వు మూలన పెట్టమంటావు. షాపులో చెప్తే నవ్వుతారు. వాడు జీతానికే విన్నాడనుకో. విన్నాడుగా."

నాకు కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ ఏడుపొచ్చింది. ఏలీయా టీ తాగి అప్పటికే వచ్చేసి, ఆటో అవతల పక్క నిలబడి ఉన్నాడు. కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచి వచ్చేశాను.

ఏం చేస్తాను? నోరు కుట్టేసుకున్నాను. పండగనాడు వాడొస్తే సేమ్యా పాయసం గిన్నె నేనే ఇచ్చాను. ఆ రోజే రెక్కలు అతికించారు. ఐదు మా ఆయన పెట్టాడు, ఆరోది వాడి చేత పెట్టించాడు. జిగురు పట్టేదాకా వాడు ఊపిరి బిగబట్టి, రెండు వేళ్ళతో ఆ రెక్కని పట్టుకుని అలాగే కూర్చున్నాడు. నుదుటి నుంచి చెమట కారి కంట్లో పడుతున్నా తుడుచుకోలేదు. మా ఆయన వాణ్ణి చూస్తున్న చూపు చూసి, వాడెవడో నేను కూడా మర్చిపోతే బాగుండుననిపించింది.

పోలింగ్ అయిపోయింది. కౌంటింగ్‌కి ముందు పోలీసులు ఊళ్ళో చాలామందిని పిలిచి మాట్లాడుతున్నారని విన్నాం. ఒక పొద్దున మా ఆయనకీ ఫోనొచ్చింది. ఏ ఆఫీసో నేను చెప్పను, నాకు ఈ చుట్టుపక్కలే బతకాలి. తెల్లచొక్కా వేసుకుని వెళ్ళాడు. మా అత్త నమాజు చేసుకునే జానిమాజ్ మీద నుంచి లేవలేదు. నేను కుట్టిన కుట్టే మళ్ళీ విప్పి కుట్టాను. మధ్యాహ్నం దాటాక ఏలీయా ఆటోలోంచి మా ఆయన దిగాడు.

"ఏమన్నారు? ఏమన్నా అన్నారా? చెయ్యి చేసుకున్నారా?"

"ఛ. కుర్చీ వేశారు. టీ ఇచ్చారు. మంచి కళండీ, వదిలెయ్యకండి అన్నారు." చెంబెడు నీళ్ళు తాగాడు. చెంబు కింద పెట్టలేదు, చేతిలోనే ఉంచుకున్నాడు.

"మరింకేంటండీ?"

"అలమరా దాకా పోద్ది, నేను మోసుకెళ్తే అన్నానే మొదటి రోజు. అది ఆ ఆఫీసరే నాకు చెప్పి నవ్వాడు. అమ్మ ఏ మాత్ర ఎప్పుడేసుకుంటదో చెప్పాడు. లండన్ మీద పడ్డది ఎందుకు చెయ్యవని అడిగాడు, నేను నోరు తెరిచేలోపు జవాబు కూడా ఆయనే చెప్పాడు. వాడికి నేను చెప్పిన మాటే, అక్షరం పొల్లుపోకుండా."

"పోలీసని మీకు తెలుసుగా?"

"తెలుసు" అన్నాడు. "అయినా... గదిలో మాట గదిలోనే ఉంటదనుకున్నా. ఎందుకనుకున్నానో!" తెల్లచొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. పెళ్ళయ్యాక ఆయన్ని అట్లా చూడటం అదే మొదలు. చెంబు కింద పెట్టి అన్నాడు. "నువ్వు నందిగామ వెళ్ళి వాడి గురించి ఆరా తీశావని కూడా చెప్పాడు. మీ ఆవిడ హుషారైన మనిషండీ అన్నాడు. వాడికి నేను చెప్పలా. నువ్వు చెప్పావా?"

"నేనెందుకు చెప్తా!"

"మరెవరు చెప్పారు?"

నా కళ్ళ ముందు ఆ షాపులో తిరిగి చూసిన నాలుగు మొహాలు కదిలాయి. వెంకటకృష్ణారావు గారు కదిలారు. టీ తాగి తొందరగా వచ్చేసిన ఏలీయా కదిలాడు. ఎవర్ని అనుకోను? అందర్నీ అనుకున్నాను. ఆయన కూడా అదే చేస్తున్నాడని మొహం చూస్తే తెలిసింది. అనుమానం నా ఒక్కదాని జబ్బుగా ఉన్నంతకాలం ఇల్లు బాగానే ఉంది.

ఆ ఆదివారం రాజ్‌కిరణ్ మళ్ళీ వచ్చాడు. ఈసారి బండి మా గుమ్మం ముందే ఆపాడు. నేను గడపలో నిలబడ్డాను, పక్కకి తప్పుకోలేదు.

"అక్కా, అన్నకి ఏం కాదు. నేను అంతా మంచిగానే చెప్పా."

"చెప్పావు బాబూ. మంచిగానే చెప్పావు, అందుకే ఇంటికి పంపించారు. కానీ చెప్పావుగా."

వాడి మొహం మాడిపోయింది. "నా డ్యూటీ అక్కా. అది అయిపోయి చాలా రోజులైంది. ఈ మధ్య వస్తుంది దానికోసం కాదు."

"ఏది డ్యూటీ రోజో, ఏది కాదో మాకెట్టా తెలుసుద్ది?"

వాడు తల వంచుకుని నిలబడ్డాడు. లోపలి నుంచి మా ఆయన పిలుస్తాడేమోనని ఇద్దరం చూశాం. ఆయన పిలవలేదు. ఉప్పుకాగితం చప్పుడు కూడా ఆగిపోయింది. వాడు బూట్లు విప్పకుండానే బండెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఫలితాలొచ్చాయి. ఊళ్ళో టపాకాయలు కాల్చారు. మా ఆయన షాపుకి పోతున్నాడు, వస్తున్నాడు, తింటున్నాడు. షాపులో గిరాకీతో కూడా లెక్కపెట్టినట్టు మాట్లాడుతున్నాడని ఏలీయా చెప్పాడు. అది ఎందుకు చెప్పాడా అని నేను ఆలోచించాను. వీధిగది కిటికీ మూసి ఉంటోంది. లోపల రాకెట్ ముక్కు ఇంకా బిగించలేదు, అలాగే ఉంది. మా అత్త, "వాడి ధ్యాస వాడికి లేకుండా పోయిందే. ఏదో ఒకటి మాట్లాడించవే వాణ్ణి" అని నా చెయ్యి పట్టుకుని బతిమాలింది.

తొలకరి పడిన సాయంత్రం ఆ గదిలోకి వెళ్ళాను. ఆయన బల్ల ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నేను కింద చాప మీద, ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. పెళ్ళై ఇన్నేళ్ళలో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు. నిజం చెప్తున్నా, నాకు తెలుసుకోవాలనిపించింది. ఈయన ఇంతగా ప్రేమించిన దాంట్లో ఏముందో చూడాలనిపించింది. రాకెట్ ముక్కు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. దాని చుట్టూ చెవి తమ్మెలంత చిన్న చిన్న రెక్కలు నాలుగున్నాయి.

"ఏమండీ, వెనక అంత పెద్దవి ఆరు ఉండగా, ముందు మళ్ళీ ఈ చిన్నవి దేనికండీ?"

ఆయన నా వైపు తిరిగాడు. ముందు నా మొహం చూశాడు. తర్వాత నా చేతులు చూశాడు. లేచి వెళ్ళి వీధి తలుపు గడియ పడి ఉందో లేదో చూసి వచ్చాడు.

"ఎవరు అడగమన్నారు నిన్ను?" అన్నాడు, మెల్లగా.

నేను నవ్వబోయాను. ఆయన నవ్వడం లేదు. నా జవాబు కోసం చూస్తున్నాడు.